రాజ్యం తిరిగి రాని రాకుమారుడు

జానపద సినిమా కథ మనందరికీ కంఠతా వచ్చినదే. రాజుగారు మంచివాడు, కాస్త మెత్తనివాడు. సేనాపతి కన్ను సింహాసనం మీద ఉంటుంది. ఒక అర్ధరాత్రి కుట్ర జరుగుతుంది. రాజు చెరసాల పాలవుతాడు, పసిబిడ్డను ఏ దాసీయో నమ్మిన బంటో సొరంగంలోంచి అడవి దాటిస్తారు. ఆ బిడ్డ ఏదో గూడెంలో కత్తిసాము నేర్చి, వయసొచ్చాక మారువేషంలో కోటలోకి దూరి, రాకుమారి మనసూ సేనాపతి తలా ఒకేసారి తీసుకుంటాడు. మధ్యలో మాంత్రికులు, భూతాలు, మాట్లాడే చిలకలు ఎన్ని అడ్డొచ్చినా చివరి రీలులో రాజ్యం వచ్చి తీరాలి. టికెట్టు కొన్నవాడికి సినిమావాళ్లు ఇచ్చిన మాట అది.

ఆ మాటను తెలుగు తెర మీద ఏళ్ల తరబడి నిలబెట్టిన మనిషి తాడేపల్లి లక్ష్మీకాంతారావు. మనకు కాంతారావు. ఇంకా చనువుగా కత్తి కాంతారావు. ఆయన సొంత కథలో కుట్ర చేసిన సేనాపతి ఫలానా అని వేలు పెట్టి చూపలేం. రాజ్యం పోయిన సంగతి మాత్రం నిజం. చివరి రీలు రాలేదన్నదీ నిజమే.

1923 నవంబరు 16న నిజాం ఏలుబడిలో ఉన్న గుడిబండలో పుట్టారాయన. కోదాడకు దగ్గరి ఊరు. అప్పట్లో నల్లగొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట. భూములున్న కుటుంబం. ఊళ్లో కూర్చుని కౌలు లెక్కలు చూసుకున్నా జీవితం గడిచిపోయేదే. నాటకాల పిచ్చి ఆయన్ని కూర్చోనివ్వలేదు. తెలంగాణ పల్లెనుంచి సినిమా వేషాల కోసం బయల్దేరినవాళ్లు ఆ రోజుల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వాళ్లలో పైడి జైరాజ్ బొంబాయి వెళ్లి హిందీ హీరో అయ్యారు. కాంతారావు మద్రాసు రైలెక్కారు. కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్ల మాటే వినిపించే మద్రాసు తెలుగు సినిమాలో కోదాడ కుర్రాడు ఒకడు చోటు వెతుక్కోవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. చేరదీసినవాడు హెచ్.ఎం.రెడ్డి. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ తీసిన పెద్దాయన. 1951లో ‘నిర్దోషి’లో చిన్న వేషం ఇచ్చి, 1953లో ‘ప్రతిజ్ఞ’కు ఏకంగా హీరోని చేశారు.

ఆ ‘ప్రతిజ్ఞ’తోనే ఇంకొకరు తెర మీదికి వచ్చారు. నెల్లూరు రెవెన్యూ ఆఫీసులో ఉద్యోగం చేసి, నాటకాలాడి, మద్రాసు చేరిన రాజనాల కాళేశ్వరరావు. హీరో కాంతారావు, విలన్ రాజనాల. ఒకే సినిమాలో కత్తులు దూసిన ఈ ఇద్దరూ ఆ తరవాత ఎన్ని కోటల్లో, ఎన్ని మెట్ల మీద, ఎన్ని కొండ అంచుల్లో కొట్లాడుకున్నారో!

ఆ కత్తియుద్ధాల గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఇప్పటి పిల్లలకు చూపిస్తే నవ్వుతారేమో, నేను మాత్రం నవ్వలేను. ముందు రాజనాల నవ్వేవాడు. మెడ వెనక్కి విరిచి, కనుబొమలు పైకెత్తి, థియేటరు గోడలకు తగిలేలా నవ్వు. కాంతారావుది చిన్న నవ్వు. సన్నటి మీసం కింద పెదవి ఓ పక్కకు జరిగేది, అంతే. ఆ తరవాత కత్తి ఒరలోంచి వచ్చేది. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. కాలు వెనక్కి వేసినా ముందుకు వేసినా తొట్రుపాటు ఉండేది కాదు. బల్ల మీదికి ఒక గెంతు, అక్కడినుంచి దీపాల గుత్తికి, అక్కడినుంచి మెట్ల మీదికి. ఒక దెబ్బకు తెర తెగి కింద పడేది, ఇంకో దెబ్బకు రాజనాల చేతిలో కత్తి ఎగిరి దూరంగా పడేది. అప్పుడొచ్చేది అసలు ఘట్టం. రాకుమారుడు ఆ పడ్డ కత్తిని తన కత్తి మొనతో పైకి లేపి శత్రువు చేతికి విసిరేవాడు. తీసుకో, మళ్లీ మొదలెట్టు అన్నట్టు. నేలక్లాసు మొత్తం ఈలలతో లేచి నిలబడేది.

మా ఊళ్లో టూరింగు టాకీసు ఉండేది. కొత్త సినిమాలు పట్నాల్లో ఆడి అరిగిపోయాక మా దాకా వచ్చేవి. గీతలు పడ్డ ప్రింట్లు, మధ్యలో తెగే రీళ్లు. అలా చూసినవే నాకు గుర్తున్న కాంతారావు సినిమాలన్నీ. మర్నాడు తాటిమట్టలతో మా యుద్ధాలు. రాజనాల వేషం ఎవరికి పడాలన్నదే పెద్ద తగాదా, కాంతారావు కావడానికి అందరూ సిద్ధమే. కానీ ఒక్క నియమం మాత్రం ఎవరూ తప్పేవాళ్లు కాదు: మట్ట చేజారినవాణ్ణి కొట్టకూడదు. ఎత్తి ఇచ్చి, మళ్లీ కొట్టాలి. బళ్లో నీతి పాఠాలు చాలా చెప్పారు గానీ అవేవీ ఒంటికి పట్టలేదు. ఈ ఒక్కటి పట్టింది. పెద్దయ్యాక ఆఫీసు గొడవల్లో, అన్నదమ్ముల పంపకాల్లో, ఎదుటివాడి చేతిలో ఏమీ మిగల్లేదని తెలిసిన క్షణాన నా నోరు ఎందుకు ఆగిపోయేదో చాలాకాలం తెలియలేదు. ఆ నేలక్లాసులో నేర్చుకున్నదే అది.

జానపదాలే కాదు. నారదుడంటే ఒక తరానికి కాంతారావే. తంబురా పట్టుకున్న ఆ కొంటె చూపు ఇంకెవరికీ అంతగా నప్పలేదు. 1963లో రెండు పెద్ద సినిమాల్లో ఎన్టీఆర్ పక్కన నిలబడ్డారు. ‘నర్తనశాల’లో ఎన్టీఆర్ అర్జునుడైతే కృష్ణుడు కాంతారావు. కృష్ణుడంటే ఎన్టీఆరే అని జనం గుండెల్లో అచ్చుపడిపోయిన కాలంలో, ఆయన ఎదుటే కృష్ణుడు వేసి జనాన్ని ఒప్పించడం మాటలు కాదు. అదే ఏడాది ‘లవకుశ’, తెలుగులో పూర్తిగా రంగుల్లో వచ్చిన తొలి సినిమా. అందులో లక్ష్మణుడు. వదినగారిని రథం మీద అడవికి తీసుకెళ్లే ఘట్టం మళ్లీ చూడండి. అంజలీదేవి మొహంలో వనవిహారానికి వెళ్తున్న సంబరం. లక్ష్మణుడికి అసలు సంగతి తెలుసు. ఆమె వైపు చూడలేడు, అన్న ఆజ్ఞ నోట రాదు. ఏడుపు అంతా గొంతు దాకా వచ్చి ఆగిపోయిన మొహం అది. కత్తి పట్టని కాంతారావు ఎంత నటుడో ఆ కొద్ది నిమిషాల్లోనే తెలిసిపోతుంది.

అయినా ఆయనకు దొరికిన చోటు మూడోదే. ఎన్టీఆర్, ఏఎన్నార్ తరవాత. ఇందులో కుట్రేమీ లేదు, వాళ్లిద్దరూ కొండలు. చిక్కల్లా జానపదాల్లో వచ్చింది. అక్కడ దర్శకుడు విఠలాచార్య ఉన్నారు. ఉడుపి దగ్గరినుంచి వచ్చిన కన్నడ మనిషి. పొదుపుగా, చకచకా సినిమా చుట్టేయడంలో ఆయన్ని మించినవారు లేరు. హీరో పేచీ పెడితే మాంత్రికుడి చేత వాణ్ణి చిలకగా మార్పించేసి మిగతా షూటింగు కానిచ్చేస్తారని పరిశ్రమలో జోకు. ‘జయ విజయ’, ‘కనకదుర్గ పూజా మహిమ’, ‘గురువును మించిన శిష్యుడు’, ‘నవగ్రహ పూజా మహిమ’, ‘జ్వాలాద్వీప రహస్యం’... వరసగా కాంతారావుతో ఆయన తీసినవి. చిన్న బడ్జెట్టు, నలుపు తెలుపు, అరువు తెచ్చుకున్నట్టుండే కోటలు. వాటన్నిటినీ మోసింది ఒక కత్తి, ఒక నవ్వు. అయితే 1963లో ‘బందిపోటు’, మరుసటేడు ‘అగ్గి పిడుగు’తో ఎన్టీఆర్ కూడా విఠలాచార్య కోటలో అడుగుపెట్టారు. పెద్ద రాజు వచ్చాక చిన్న రాజుకి మిగిలేది సామంత రాజ్యమే. 1967లో ‘చిక్కడు దొరకడు’ నాటికి ఇద్దరూ ఒకే సినిమాలో ఉన్నారు. పేరు ఎవరిది ముందుంటుందో చెప్పక్కర్లేదు.

ఈలోగా కాలమే మారిపోయింది. 1966లో ‘గూఢచారి 116’ వచ్చింది. 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’తో తెలుగు తెర మీదికి గుర్రమెక్కి కౌబాయ్ దిగాడు. హీరో కృష్ణ చేతిలో తుపాకీ పేలాక కత్తి శబ్దం జనానికి ఆనలేదు. దానికి తోడు రంగులు. నలుపు తెలుపుల్లో అట్ట కోట కూడా కోటలాగే కనిపించేది. రంగుల్లో అది అట్టగానే కనిపిస్తుంది. నిజం కోట కట్టాలంటే డబ్బు కావాలి, అంత డబ్బు పెట్టేవాడు పెద్ద హీరోనే అడుగుతాడు. చవగ్గా తీసి చవగ్గా అమ్మే సినిమా మీద నిలబడ్డ రాకుమారుడి కాళ్ల కింద నేల అలా జారిపోయింది. ఎవరూ ఆయన్ని కిందికి తొయ్యలేదు.

యాభై దగ్గరపడుతున్న నటుడికి అప్పుడు రెండు దారులుంటాయి. అన్నయ్య, తండ్రి వేషాలకు తలవంచడం ఒకటి. తానే డబ్బు పెట్టి తాను హీరోగా ఉండే లోకాన్ని నిలబెట్టుకోవడం ఇంకోటి. కాంతారావు రెండోది కూడా ప్రయత్నించారు. భార్య పేరు మీద సంస్థ పెట్టి 1969లో ‘సప్తస్వరాలు’, ‘గండర గండడు’, 1971లో ‘ప్రేమజీవులు’, 1974లో ‘గుండెలు తీసిన మొనగాడు’ తీశారు. ఆ చివరి పేరు చూస్తే నాకు దిగులేస్తుంది. కత్తి పట్టిన చేయి తుపాకీ కాలం వెంట పరుగెత్తి అలసిపోవడం ఆ పేరులోనే ఉంది.

సినిమా నిర్మాణం అంటే బయటివాళ్లకు తెలియని కొన్ని లెక్కలున్నాయి. అప్పట్లో నిర్మాత ముందుగా ఆంధ్ర, సీడెడ్, నైజాం అని ఏరియాల వారీగా పంపిణీదారుల దగ్గర అడ్వాన్సులు తీసుకునేవాడు. హీరో పేరు మీద ఆ అడ్వాన్సు వస్తుంది. పేరు పలచబడితే అడ్వాన్సు పలచబడుతుంది. చాలని డబ్బు ఫైనాన్షియరు ఇస్తాడు, వడ్డీ మొదటి రోజునుంచే నడుస్తుంది. నెగటివు ల్యాబులో ఉంటుంది. బాకీ తీరిస్తే గాని ప్రింట్లు బయటికి రావు. విడుదల తేదీ దగ్గరపడ్డప్పుడు ఎవరో ఒకరికి ఏదో ఒకటి రాసివ్వక తప్పదు. నెగటివు హక్కులో, ఇల్లో, పొలమో. మొదటి వారం కలెక్షను బాగుంటే అన్నీ తిరిగొస్తాయి. బాగోకపోతే ఏదీ రాదు, తరవాతి సినిమాతో లాగేద్దామన్న ఆశ తప్ప. ఆ ఆశ చాలా మంది నటుల ఇళ్లు కూల్చింది. సావిత్రి సంగతి అందరికీ తెలుసు. నాగయ్యగారి సంగతి పాతవాళ్లకు తెలుసు.

కాంతారావు విషయంలో పోయింది భూమి. గుడిబండలో తరాలుగా ఉన్న పొలాలు సినిమాల్లో కలిసిపోయాయి. మద్రాసులో వేసిన ప్రతి సెట్టు కింద కోదాడ మట్టి కొంచెం ఉందన్నమాట. 1989లో, అరవై అయిదేళ్ల వయసులో, ‘స్వాతి చినుకులు’ అని మళ్లీ ఒక సినిమా తీశారు. అప్పటికి ఆయన తరం వాళ్లు చాలా మంది వెళ్లిపోయారు, ఉన్నవాళ్లు విశ్రాంతిలో ఉన్నారు. ఆ వయసులో ఇంకో పందెం ఎందుకు కాశారని అడిగేవాళ్లకు నా దగ్గర జవాబు ఉంది. ప్రతి సినిమాలోనూ చివరి రీలులో గెలిచిన మనిషి, తన కథలో ఇంకా చివరి రీలు రాలేదనే అనుకుంటాడు. తెలివితక్కువతనం అనండి, నేను కాదనను. కానీ అదే తెలివితక్కువతనం మాకు ఆ కత్తియుద్ధాల్ని ఇచ్చింది.

పరిశ్రమ హైదరాబాదుకు తరలాక ఆయనా వచ్చారు. చిన్న వేషాలు, ఆ తరవాత ఇంకా చిన్నవి. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాక తెలుగు ఇళ్లలో రోజంతా టీవీ మొదలైంది. సీరియళ్లకు తాతలు, ఊరి పెద్దలు కావాలి కదా. అలా ఒక సాయంత్రం మా ఇంట్లో టీవీలో ఒక ముసలాయన కనిపించాడు. పంచె, భుజాన కండువా, పడక్కుర్చీ. రెండు మాటలు చెప్పి పక్కకు తప్పుకునే పాత్ర. బియ్యం ఏరుతున్న మా అమ్మ చేట ఆపి, “ఈయన మన కాంతారావు గాదురా! ఎంతటోడు ఎట్లయిండు చూడు” అంది. మా పిల్లలు ఎవరు కాంతారావు అన్నారు. చెప్పాలని మొదలుపెట్టి, బల్ల మీదినుంచి దీపాల గుత్తికి గెంతడం దాకా వచ్చి ఆగిపోయాను. ఆ పడక్కుర్చీని చూపిస్తూ అదెలా నమ్మించను?

ఆ రోజుల్లోనే ఇంకో విచిత్రం జరుగుతుండేది. అవే ఛానళ్లు మధ్యాహ్నాల్లో, పొద్దున్నే పాత సినిమాలు వేసేవి. చవగ్గా దొరికేవి కాబట్టి జానపదాలు ఎక్కువ వేసేవి. ఒక పక్క ‘జ్వాలాద్వీప రహస్యం’లో రాకుమారుడు గుర్రం మీద వస్తుంటాడు, ఇంకో పక్క అదే మనిషి సీరియల్లో రోజు కూలికి తాత వేషం వేస్తుంటాడు. గుర్రం మీది రాకుమారుడి వల్ల ఛానలుకు ప్రకటనల డబ్బు వస్తుంది, హక్కులు కొన్నవాడికి డబ్బు వస్తుంది, పడక్కుర్చీలో కూర్చున్నవాడికి ఒక్క పైసా రాదు. నటుడు ఒక్కసారి పారితోషికం పుచ్చుకున్నాక ఆ సినిమా ఎన్ని తరాలు ఆడినా అతడికి వాటా లేదు, మన దేశంలో వ్యవహారం అలా నడిచింది. 2012లో కాపీరైటు చట్టం సవరించి పాటలు రాసినవాళ్లకూ స్వరపరిచినవాళ్లకూ రాయల్టీ హక్కు గట్టిపరిచారు. తెర మీద చెమటోడ్చినవాడి మాట ఆచరణలో అలాగే ఉండిపోయింది. కాంతారావు అప్పులపాలు కావడం ఆయన చేతులారా చేసుకున్నదే అని ఎవరన్నా అంటే ఒప్పుకుంటాను. నాలుగు వందలకు పైగా సినిమాలు చేసినట్టు చెప్పే మనిషికి ఆ సినిమాలు ఆడుతూనే ఉన్న కాలంలో పూట గడవకపోవడం మాత్రం ఆయన చేసుకున్నది కాదు.

రాజనాల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ కథ సగమే. ఎన్ని కోటలు దోచాడు, ఎందరు రాజుల్ని చెరలో వేశాడు! ఆయన చివరి రోజులు ఇంకా దయనీయం. చక్కెర జబ్బు ముదిరి కాలు తీసేశారు. 1998 మే 21న పోయారు. ఒకే సినిమాతో హీరో విలన్లుగా జోడీ కట్టిన ఇద్దరు, వందసార్లు ఒకరి మీద ఒకరు కత్తులెత్తిన ఇద్దరు, చివరికి ఒకే చోట ఓడిపోయారు. మా తాటిమట్టల యుద్ధాల్లో రాజనాల వేషం పడ్డవాడు ఇంటికి ఏడుస్తూ వెళ్లేవాడు. ఇప్పుడు తలుచుకుంటే ఏ వేషం పడ్డా పెద్ద తేడా లేదనిపిస్తుంది.

కాంతారావుకు రాష్ట్ర ప్రభుత్వం రఘుపతి వెంకయ్య పురస్కారం ఇచ్చింది. ఆయన తన కథ తానే రాసుకున్నారు, ‘అనగనగా ఒక రాకుమారుడు’ అని దానికి పేరు పెట్టుకున్నారు. ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యారు, అక్కినేని స్టూడియో కట్టారు, రాకుమారుడు పుస్తకం రాసుకున్నారు. పద్మ పురస్కారం ఏదీ ఆయన దాకా రాలేదు. క్యాన్సరుతో 2009 మార్చి 22న హైదరాబాదులో కన్నుమూశారు. ఎనభై అయిదేళ్లు.

పదహారేళ్ల తరవాత, 2025లో, తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరిట సినిమా పురస్కారాలు మొదలుపెట్టింది. అందులో ఒక ప్రత్యేక పురస్కారానికి కాంతారావు పేరు పెట్టారు. మొదటిది ఈ తరం హీరో విజయ్ దేవరకొండకు ఇచ్చారు. మంచి పనే. కోదాడ పక్క పల్లె కుర్రాడి పేరు రాజధాని వేదిక మీద మైకులో వినిపించింది. ఆ పురస్కారం అందుకునే హీరోలు ఇక ముందైనా తమ తోటి చిన్న నటుల రాయల్టీ గురించి ఓ మాట ఎత్తితే ఆ పేరుకు ఇంకా న్యాయం జరుగుతుంది. పరిశ్రమలో పెద్దవాళ్లు అడిగితేనే అది కదులుతుంది, సీరియల్లో తాత వేషం వేసేవాడు అడిగితే కదలదు.

మనం చేయగలిగింది ఒకటుంది. కాంతారావు అంటే కత్తి ఒక్కటే అనుకునేవాళ్లు, కత్తి కూడా తెలియని పిల్లలు, ఒకసారి 1969 నాటి ‘ఏకవీర’ చూడండి. విశ్వనాథ వారి నవల, సి.నారాయణరెడ్డి మాటలు. ఇద్దరు స్నేహితులు, ఒకరు ప్రేమించిన పిల్ల మరొకరికి భార్య కావడం. సేతుపతిగా ఎన్టీఆర్, వీరభూపతిగా కాంతారావు. ఎన్టీఆర్ పక్కన అంతసేపు నిలబడి, గొంతు పెంచకుండా, ఆయనకు దీటుగా చేసిన నటుడు ఎవరని తరవాత నన్నడగండి.